రైపేరియన్ అంటే ఏ ఒడ్డు? నా అనుభవం

ఒడిశా, ఆంధ్రల మధ్య వంశధార నది నీటి తగవుపై ట్రైబ్యునల్ 2017 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పును తెలుగులో రాసి పెట్టమని మా కాశీనగర్ పెద్దలు అడిగారు. ఒడిశాలోని ఈ గజపతి జిల్లాలో నా బడి చదువంతా ఒడియాలో సాగింది, ఇంట్లో పెద్దవాళ్లు చదివేది తెలుగు, తీర్పేమో ఇంగ్లీషులో ఉంది. మొత్తం నావల్ల కాదు, ముఖ్యమైన భాగాలు చేస్తానన్నాను.

ఒడిశా 2006లో ఫిర్యాదు చేయడం, 2010లో ట్రైబ్యునల్ ఏర్పడటం, నీళ్లు చెరిసగం పంచడం వంటివి ఇబ్బంది లేకుండా తెలుగులోకి వచ్చేశాయి. నన్ను కూర్చోబెట్టింది ఒక్క విశేషణం: రైపేరియన్. రైపేరియన్ రాష్ట్రం, కో-రైపేరియన్ రాష్ట్రం (అదే నదిని పంచుకునే మరో రాష్ట్రం), రైపేరియన్ హక్కు. నదీజలాల న్యాయంలో ఎటు తిరిగినా అదే ఎదురవుతుంది.

పత్రికలు 'పరీవాహక రాష్ట్రం' అని రాస్తాయి. వార్తకు అది చాలు, హక్కు మాట వచ్చేసరికి చాలదు. పరీవాహక ప్రాంతమంటే వాన నీరు ఏటిలోకి దిగే నేలంతా. ఏటి ముఖం చూడని కొండవాలు కూడా అందులో ఉంటుంది. రైపేరియన్ హక్కు మాత్రం, పాత ఇంగ్లీషు న్యాయం ప్రకారం, ఏటిని ఆనుకున్న నేలకే. పోనీ 'తీర రాష్ట్రం' అందామా అంటే ఒడిశా, ఆంధ్ర రెండూ బంగాళాఖాతం పక్కనే ఉన్నాయి. చదివేవాళ్లు సముద్రం తగవు అనుకుంటారు.

లాటిన్ నిఘంటువు తెరిచాను. వాళ్లకు ఈ తికమక లేదు. ఏటి ఒడ్డు రీపా, సముద్రపు ఒడ్డు లీటుస్. రీపా నుంచి రీపారియుస్, అంటే ఏటి ఒడ్డుకు చెందినది. దానికి ఇంగ్లీషు తోక తగిలిస్తే రైపేరియన్. ఒడ్డు మట్టిలో బొరియలు తొలిచి గూడు పెట్టే ఒక చిన్న పక్షి జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా రిపేరియానే. రివర్ అనే మాట సైతం ఫ్రెంచి మీదుగా వచ్చిన రీపా సంతానమే. నీళ్లకు ఒడ్డు పేరు పెట్టారన్నమాట! దానికి అక్కచెల్లెలిలా కనిపించే రైవల్ (ప్రత్యర్థి) మాత్రం వేరే ఇంటిది. రీవుస్ అంటే వాగు, కాలువ. ఒకే కాలువ నీళ్లు పారించుకునేవాళ్లను రోమన్ న్యాయవేత్తలు రీవాలేస్ అన్నారు. ఇది వినగానే మా చిన్నాన్న పగలబడి నవ్వాడు. "అయితే నా పక్క మడివాడేరా రైవల్!"

ఇంతకీ ఒడ్డు ఎక్కడ మొదలవుతుంది? జస్టినియన్ చక్రవర్తి 533లో వెలువరించిన న్యాయ సంకలనంలో దీనికి జవాబుంది. ఏరు నిండుగా పారినప్పుడు దాన్ని పట్టి ఉంచేదే ఒడ్డు. వరద పొంగి పొలాల మీదికి వచ్చినంత మాత్రాన ఒడ్డు జరిగిపోదు. ఈ సంగతి చెబితే చిన్నాన్న నన్ను ఏటికి తీసుకెళ్లాడు. వేసవి కావడంతో నీళ్లు అవతలి పక్కన సన్నగా పారుతున్నాయి, ఇవతలంతా ఇసుక. ఆ ఇసుకలో నిలబడి వెనక్కి చూపించాడు. నిలువుగా తెగిన మట్టి అంచు, అందులోంచి బయటపడి వేలాడుతున్న తుమ్మ వేళ్లు, వాటి పైన పచ్చిక. "ఏరు నిండితే ఆ అంచుదాకా. ఈ ఇసుకంతా ఏటిదే, ఒడ్డు కాదు" అన్నాడు. 'ఏటి గట్టు' అని రాయనా అని అడిగితే ఒప్పుకోలేదు. "గట్టు మనం వేసుకున్నదిరా. ఒడ్డు ఏరు కోసుకున్నది."

అలా 'ఏటి ఒడ్డు రాష్ట్రం', 'ఒకే ఏటి ఒడ్డు రాష్ట్రాలు' అని ఖాయం చేశాను. మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయనకు ఇది నచ్చలేదు. తీర్పుకు తగిన గాంభీర్యం లేదని, 'నదీతీరస్థ' అని రాయమని పట్టుబట్టారు. సంస్కృతం వేస్తే హక్కు పెరుగుతుందని నాకు నమ్మకం లేదు. ఆయన మాట తోసేయలేక మొదటి పేజీలో ఒక్కసారి రాసి, తర్వాతంతా నా మాటే ఉంచాను.

కాగితాలు అచ్చు తీసి పెద్దలకు ఇచ్చాను. ఆ మాట దగ్గర ఎవరూ ఆగలేదు. వంశధార మీద నేరడి బ్యారేజీ కట్టుకోవడానికి ఆంధ్రకు అనుమతి ఇచ్చిన పేరా దగ్గరికి నేరుగా వెళ్లి, సాయంత్రందాకా వాదులాడుకున్నారు.