నల్లగొండకే రీలా?

"అమ్మా, నల్లగొండయితేనే రీలు, మేమైతే ఫోను." పోయిన ఆదివారం బాత్రూమ్‌లో గ్లౌజులేసుకుని ఫిల్మ్ కడిగే డబ్బా తిప్పుతూ మా పదేళ్లవాడు అన్నాడు. అన్నది ఇంగ్లీషులోనే, తెలుగు నాది. ఊరెళ్తే ఫిల్మ్ రీలు కెమెరాతో తీస్తానని, ఇక్కడ తమను మాత్రం ఫోన్‌తో సరిపెడతానని వాడి ఫిర్యాదు.

కలర్ రీళ్లు నేను ఇంట్లోనే కడుగుతాను. మా ఊళ్లో ఫొటోలు కడిగించడం అనేవాళ్లం, వాడికీ ఆ మాటే నేర్పితే "గిన్నెల సబ్బుతోనా?" అన్నాడు మొదట్లో. రెడీమేడ్ కిట్టు దొరుకుతుంది, కొనను, అదో మొండితనం. రంగులు తేల్చే సీడీ-4 లాంటి అసలు మందులు తెప్పించుకుని, బట్టల సోడా కొనే బదులు వంటసోడానే ఓవెన్‌లో గంటసేపు కాల్చి చేసుకుంటాను. డెవలపర్, అంటే రీలు మీద బొమ్మను తేల్చే ద్రావణం, 38 డిగ్రీలుండాలి, మన లెక్కలో నూరు జ్వరం, అందులో మూడుంపావు నిమిషాలు. అర డిగ్రీ అటూ ఇటూ అయితే నాకు టెన్షన్. ఇంట్లో తెలుగే మాట్లాడాలన్న రూలుకు మాత్రం ఇంత పట్టింపు లేదు, ఊరి నుంచి ఫోనొచ్చినప్పుడు తప్ప.

ఆ ఆదివారం కడిగిన రీలు నల్లగొండ పక్కనున్న పానగల్‌ది. ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా లింగం మీద కదలకుండా నిలిచే స్తంభం నీడ వాడికి చూపించాలని తీసుకెళ్లాను. ఎండ అని వాడు కారు దిగలేదు, నాకు కోపమొచ్చి బతిమాలలేదు. 36 ఫొటోల్లో మా అమ్మ ఉంది, మెట్లున్నాయి, మేకలు కూడా ఉన్నాయి, వాడు ఒక్కదాంట్లోనూ లేడు.

వాడి మాటకు జవాబు వెతుక్కుంటూనే తప్పు చేశాను. డెవలపర్ తర్వాత, రీల్లోని వెండిని వదిలించడానికి బ్లీచ్ పోస్తాం, నాది పొటాషియం ఫెర్రిసయనైడ్‌ది. డెవలపర్ పారబోశాక రీలును బాగా కడిగి, సల్ఫైట్ అనే మందు కలిపిన నీళ్లతో ఒకసారి తొలిపి, అప్పుడు బ్లీచ్ పోయాలి. లేకపోతే రీల్లో మిగిలిన డెవలపర్ బ్లీచ్ తగలగానే అక్కర్లేని చోటంతా రంగు పుట్టిస్తుంది. నేను నేరుగా పోసేశాను. రీలంతా మసక, అమ్మ పసుపుపచ్చ చీర ఇప్పుడు ఏ రంగో చెప్పలేం.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "ఏంది బిడ్డా, నా మొఖం గట్లున్నది? ఫోన్ల దియ్యరాదు?" అంది. వాడు పగలబడి నవ్వాడు. రెండు రోజులు ఇల్లంతా "గట్లున్నది, గట్లున్నది" అని తిరిగాడు.

పిల్లల్ని మీ పనుల్లో కలుపుకోండి, భాష దానంతటదే వస్తుందని ఇక్కడ నలుగురికి చెప్పిన మనిషిని నేను. వాడు బాత్రూమ్‌లో నాతో కూర్చునేది తెలుగు కోసమా, టైమర్ నొక్కే సరదాకా? అడగడానికి భయం.

నిన్న కొత్త రీలు వేసి, వాడు స్కూలు బస్సెక్కేటప్పుడు ఒకటి తీశాను. మొహానికి బ్యాగు అడ్డం పెట్టుకున్నాడు. మిగతా 35 దసరాకు ఊరెళ్లేదాకా దాచుదామనుకుంటున్నాను. వాడికి చెప్పలేదు.