పీత గుడ్డులో తొలి గుండె చప్పుడు పట్టుకోవడం: నా అనుభవం

ఐసులో వచ్చిన గుడ్ల పీత ఈ పనికి రాదు. విశాఖపట్నం పెద జాలారిపేట ఒడ్డున తెల్లారగట్ల వలలు విడదీసేటప్పుడే బతికున్న మూడు చుక్కల పీతను అడిగి తీసుకుంటాను. పొట్టకింద మడత తెరిస్తే గుడ్ల రంగే వయసు చెప్తుంది. పసుపు, నారింజ అయితే ఇంకా సొనే. గోధుమ రంగుకు తిరిగితే సరైన అదను. నల్లబడితే గుండె ఎప్పుడో మొదలైపోయింది.

నీళ్ళూ అక్కడివే పట్టుకోవాలి. వానాకాలం వెనక మన తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. వేరే ఉప్పునీళ్ళలో వేస్తే గుడ్డు ఉబ్బడమో ముడుచుకోవడమో ఖాయం.

గుడ్డు మిల్లీమీటరులో మూడోవంతు. లాగితే పొర చిరిగి సొన కారిపోతుంది, అందుకని గుడ్లు అంటుకున్న వెంట్రుకనే చిన్న కత్తెరతో కత్తిరిస్తాను. పదిహేను గుడ్లు చాలు. గుత్తి అంచువి కొన్ని, లోపలివి కొన్ని తీస్తాను. లోపలి వాటికి ఆక్సిజన్ తక్కువ అందుతుంది కాబట్టి వెనకబడి ఉండొచ్చు.

నడుమ గుంట ఉన్న గాజు స్లైడులో పెట్టి, మైక్రోస్కోపు 4 రెట్ల లెన్సుతో ముందు కళ్ళు వెతకాలి. నల్లటి నెలవంకల్లా ఉంటాయి. అవి దొరికితే పిండం ఎటు తిరిగిందో తెలుస్తుంది. కుంచె కొసతో గుడ్డును దొర్లించి వీపు పైకి తేవాలి. గుండె అక్కడే, సొనకూ వీపు పొరకూ మధ్య తేటగా ఉన్న చోట. ఇప్పుడు 10 రెట్లకు మారాలి.

మొదట సొన అంచు సన్నగా వణుకుతుంది. రెండు మూడు కొట్టుకుని ఆగుతుంది. మళ్ళీ ఒకటి. చచ్చిపోతోందనుకుని చాలామంది ఇక్కడే స్లైడు కడిగేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. పిండం రెండు పక్కల నుంచి పైకి పాకిన కణాలు వీపు నడుమ కలిసి అప్పుడే గుండెగా మూసుకున్నాయి మరి. పెద్ద పీత గుండెను 9 నాడీకణాల గుంపు నడిపిస్తుంది. రేవు రాళ్ళమీద పరుగెత్తే లిజియా కూడా పీత, రొయ్యల్లాగే క్రస్టేషియన్ వర్గానిదే. దాని పిల్లల్లో మొదట గుండె కండరమే సొంతంగా కొట్టుకుంటుందని, నాడుల అదుపు తర్వాత వస్తుందని తేలింది. పీత పిండం తడబాటునూ నేను అలాగే అర్థం చేసుకుంటాను.

ఒళ్ళంతా విదిలిస్తే అది గుండె కాదు. గుండె ఉన్నచోటే కొట్టుకుంటుంది. ఏసీ గదిలో వేగం పడిపోతుంది, హాలోజెన్ బల్బు వేడికి పెరిగిపోతుంది. ఎల్‌ఈడీ వాడి, నీళ్ళ ఉష్ణోగ్రత పక్కనే రాయకపోతే ఆ లెక్కకు విలువ లేదు. గుండె కుదురుకున్నాక చేతిలెక్కకు అందదు, ఫోనులో స్లోమోషన్ తీసి, అసలు సమయం 15 సెకన్లలో ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. తల్లి పీతను గాలిపంపు ఉన్న తొట్టిలో ఉంచితే, అదే గుత్తి నుంచి మర్నాడు మళ్ళీ తీసి చూడొచ్చు.