సైన్స్ సారు బకెట్టు

"మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదో ఒకటి రాయాలమ్మా, ప్రొఫెసర్‌వి నువ్వే రాయకపోతే ఎట్లా" అని కమిటీ తరఫున మన క్లాస్‌మేట్ 'రేడియో' (బళ్లో వాడికి మనం పెట్టిన పేరు) ఫోన్ చేశాడు. ఏ విషయమైనా సరే అన్నాడు. గోళీసోడా సంగతి, స్కూల్ డే నాటకంలో కిరీటం సంగతి ఎవరో ఒకరు రాస్తారు. హెడ్మాస్టరు గారి సైకిల్ మీద హక్కు చివరి బెంచీ వాళ్లది, దాని జోలికి నేను పోను. నేను సైన్స్ సారు బకెట్టు గురించి రాస్తాను.

బడి వెనక బోరింగు మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటర్వెల్‌లో ఆడపిల్లలమంతా అక్కడే ఉండేవాళ్లం. నీళ్లు తేటగా ఉండేవి, వాసన లేదు, రుచిలో తేడా లేదు. ఆ నీళ్లే మన పళ్ల మీద గోధుమరంగు చారలు వేశాయి. పదో తరగతి గ్రూప్ ఫొటో తీసి చూడండి, పళ్లు కనబడేలా నవ్వినవాళ్లు ఎవరూ లేరు. గార అనుకుని బొగ్గుతో, ఇటుక పొడితో తోమేవాళ్లం. పెద్దవాళ్ల నడుములు బిగుసుకుపోతే వయసు మీద పడింది అనేవాళ్లు. మోకాళ్లు రాసుకుంటూ నడిచే పిల్లల్ని చూస్తే పూర్వజన్మ పాపం అనేవాళ్లు.

"పాపం పూర్వజన్మది కాదురా, మన గుట్టది" అన్నారు సారు. నల్లగొండ నుంచి చిన్న సీసాలో గులాబీ రంగు మందు తెచ్చారు ఆ రోజు. వాన నీళ్లలో వేస్తే గులాబీగానే ఉంది. బోరింగు నీళ్లలో వేస్తే పసుపు పచ్చగా తిరిగింది. క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దం. పసుపు తిరిగిందంటే నీళ్లలో ఫ్లోరైడ్ అనే పదార్థం ఎక్కువున్నట్టు, పళ్ల చారలకూ వంకర కాళ్లకూ అదే కారణం అన్నారు. మన గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయని, క్షారం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉండే నీళ్లు దాన్ని సులువుగా కరిగించుకుంటాయని బోర్డు మీద గుట్ట బొమ్మ వేసి చెప్పారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని దాని కింద రాశారు.

తర్వాత బకెట్టు వచ్చింది. అడుగుకు రెండు వేళ్ల పైన నల్లా బిగించిన బకెట్టు. అందులో బోరింగు నీళ్లు పోసి కొంచెం సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడరు, కరిగించిన పటిక వేసి, వంతులవారీగా మా అందరిచేత తిప్పించారు. చూస్తుండగానే విరిగిన పాలలా తెల్లటి తరకలు లేచాయి. అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు పేరుకోవడానికి గంట పడుతుంది. లెక్కల సారు పీరియడ్ కూడా అడిగి తీసుకుని, ఆ గంటసేపు సారు చెప్పిన కథ నా బతుకునే మళ్లించింది.

1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టర్లు ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బును గుర్తించి రాశారట. 1973లో మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో పిల్లల మోకాళ్లు ఎందుకు లోపలికి వంగుతున్నాయో వెతికారు. వాళ్లు నీళ్ల దగ్గర ఆగకుండా తిండి కూడా చూశారు. నాగార్జునసాగర్ డ్యామ్ కట్టాక పెరిగిన భూగర్భ జలం, జొన్నల్లో ఎక్కువైన మాలిబ్డినం అనే లోహం, ఒంట్లో తగ్గిన రాగి, వీటన్నిటికీ లంకె ఉందేమోనని అనుమానించారు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) ఇంజినీర్లు 1970లలో పటిక, సున్నం పద్ధతిని తయారుచేసి దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. రాళ్లు చదివినవాళ్లు, ఎముకలు చదివినవాళ్లు, జొన్నలు చదివినవాళ్లు, ట్యాంకులు కట్టేవాళ్లు అందరూ మన ఊళ్ల మీద పనిచేస్తున్నారని వినడం అదే మొదటిసారి నాకు. చదువంటే పరీక్షలే అనుకునే వయసు అది.

గంట తర్వాత నల్లా తిప్పి ఆ నీళ్లలో మందు వేస్తే గులాబీ రంగు నిలబడింది. చప్పట్లు మీరూ కొట్టారు. సారు మాత్రం కొట్టలేదు. "రేపటి నుంచి ఇంట్లో ఎవరు చేస్తరు?" అని అడిగారు. 'డీసీఎం' అని మనం పిలుచుకునే అమ్మాయి లేచి, "మా అమ్మ తెల్లారకముందే నాట్లకు పోతది సార్, గంటసేపు బకెట్టు కాడ ఎవరు కూసుంటరు?" అంది. సారు కోప్పడలేదు. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుని, సాయంత్రం వాళ్లింటికి వెళ్లారు. తర్వాత మన ఊరి నీళ్లకు సరిపడేలా పటిక, సున్నం తూచి పొట్లాలు కట్టించి, ఇంటింటికీ మనతోనే పంపించారు. పక్క ఊరివాళ్లు అడిగితే ఆ పొట్లాలు ఇవ్వలేదు. అక్కడి నీళ్ల క్షారం వేరు, ఫ్లోరైడ్ వేరు, కొలిచి మళ్లీ తూయాలన్నారు.

ఇంటర్, ఇంజినీరింగ్, పెళ్లి, ఎంటెక్, పీహెచ్‌డీ గురించి రాస్తే సంచిక చాలదు. ఒక్క సంగతి చెబుతాను. ఇథియోపియాలో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వెళ్లాను. అక్కడి రిఫ్ట్ వ్యాలీ అనే లోయ ప్రాంతం నీళ్లలోనూ ఇదే బాధ, అక్కడి పిల్లల పళ్ల మీదా మన చారలే. మొదటి వారంలోనే ఒక స్థానిక ఇంజినీరు నన్ను కూర్చోబెట్టి "నల్గొండా టెక్నిక్" అంటే ఏమిటో ఓపిగ్గా వివరించాడు. అంతా విన్నాక, అది మా జిల్లా అని చెప్పాను. అతను లేచి నిలబడి చేయి కలిపాడు. ఆ షేక్‌హ్యాండ్ నిజానికి సారుకు దక్కాల్సింది.

ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, ఫిర్యాదులూ ఉన్నాయి. రోజూ కొలిచి కలపాలి, మడ్డి పారబొయ్యాలి, ఆ పనంతా ఆడవాళ్ల నెత్తిన పడుతుంది. తేటనీళ్లు వెంటనే వంచుకోకుండా మడ్డి మీదే ఉంచితే పట్టుకున్న ఫ్లోరైడ్ కొంత మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. అందుకే చాలా ఇళ్లలో బకెట్లు మూలకు చేరాయి. నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన ప్రతి విద్యార్థినీ మొదటి రోజు డీసీఎం ప్రశ్నే అడిగాను, పేరు చెప్పకుండా. జవాబు కోసం వాళ్లు ప్రయోగశాల వదిలి ఊళ్లకు వెళ్లేవాళ్లు. వాళ్లలో కొందరు ఈ రోజు నాకంటే మంచి పని చేస్తున్నారు, అది చూస్తే కడుపు నిండుతుంది.

మరో కబురు కూడా సారుకు చెప్పాలనిపిస్తుంది. రోజూ 10 గ్రాముల చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని తార్నాక వాళ్లే 2002లో ప్రచురించారు. మన పచ్చిపులుసు మీద కూడా పరిశోధన జరిగినట్టేనని సారు ఎంత మురిసిపోయేవారో!

2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. ఒకసారి వంగిన ఎముకలు మాత్రం మళ్లీ నిటారు కావు. నల్లా రాని రోజున జనం బోరు దగ్గరికే పోతారు.

కాబట్టి కమిటీకి ఒక మాట. సమ్మేళనం రోజు నాకు శాలువా వద్దు, వరండాలో ఒక బల్ల ఇవ్వండి. ఫ్లోరైడ్ కొలిచే మీటరు నేను తెస్తాను. అందరూ మీ ఇంటి బోరు నీళ్లు అర లీటరు పట్టుకురండి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే తెండి. సీసా మీద ఊరు, బోరు లోతు, ఆ నీళ్లు తాగే పిల్లలెందరో రాసి అతికించండి. డీసీఎం, నువ్వు పొద్దున్నే రావాలి. రాసుకునే పుస్తకం నీ చేతిలోనే ఉండాలి.