ఎల్ఆర్ఎస్ వచ్చింది, దారి రాలేదు

మా బాపు 2011లో వరంగల్ పక్కన భీమారం దగ్గర 200 గజాల ప్లాటు కొన్నాడు. అప్పటికది గ్రామ పంచాయతీ. చుట్టుపక్కల 42 గ్రామాలు వరంగల్ కార్పొరేషన్‌లో కలిసింది తర్వాత. బ్రోకర్ చూపిన కాగితం మీద రోడ్లు గళ్ల లుంగీలా నీటుగా ఉన్నాయి. వెంచర్ హద్దు దాటితే ఏముందో ఆ కాగితంలో లేదు, మేమూ అడగలేదు.

2020లో వెయ్యి రూపాయలు కట్టి, అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్‌కు పెట్టుకున్నాం. సేల్ డీడ్, ఈసీ (ఆ ప్లాటు మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), లేఅవుట్ కాపీ అన్నీ ఎక్కించాం. తర్వాత ఏళ్లకేళ్లు చడీచప్పుడు లేదు. 2025లో 25 శాతం రాయితీ అనేసరికి మళ్లీ కదిలాం.

కొలతలకు వచ్చినతను టేపు పట్టి చెప్పాడు: "కాకా, రోడ్డు ముప్పై ఫీట్లుండాలె. ఇది ఇరవై అయిదే. మీ దిక్కు రెండున్నర, ఎదురుంగ రెండున్నర వదలాలె."

"కొన్ననాడు ముప్పై అనే చెప్పిండ్రు గదా!" అన్నాడు బాపు.

మా ప్లాటు ముఖం 36 అడుగులు. అంటే 10 గజాలు పాయె. పార్కు జాగా వదలని లేఅవుట్ కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం అదనం. సరే, కట్టాం.

నా గుబులు వేరే. మా వీధి చివర గోడ. గోడ అవతల ఇంకో వెంచర్, అది దాటితే కరీంనగర్ రోడ్డు. గట్టిగా రెండు వందల మీటర్లు. బండి మీద పోతే మాత్రం కిలోమీటరున్నర చుట్టు. కొలిచినతను వెడల్పు రాసుకున్నాడు, గోడ సంగతి రాసుకోలేదు. ఫారంలో దానికి గడే లేదట!

ఎవరిదీ కుట్ర కాదు. ఏ రైతు ఎప్పుడు అమ్మితే అప్పుడు ఆ సర్వే నంబరులో వెంచర్ పడింది. నిన్నటి పొలం గట్లే నేటి ప్రహరీలు. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కుల దారులు నడుమకొచ్చి కలుస్తాయి. ఇక్కడ పక్క వీధితో కలవడమే గగనం.

పదకొండు సంతకాలతో సోమవారం అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చాం. సర్వే చేస్తే తేలింది: గోడ అవతలిది రోడ్డు కాదు, ఒకాయన ప్లాటు. ఆయన దుబాయిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడాడు.

"ఇల్లు కట్టేదాంక నడువుండ్రి అన్నా, నాకేం లేదు."

గోడకు మనిషి పట్టేంత సందు కొట్టించాం. పాలబ్బాయి సైకిల్ హ్యాండిల్ తిప్పి దూరుస్తాడు. మొన్న ఆ ప్లాటులో బోరు బండి ఆగింది.