కన్సల్టింగ్‌లో చేరేముందు టైమ్‌షీట్ సంగతి తెలుసుకోండి

కన్సల్టింగ్ కంపెనీ అమ్మే సరుకు మీ గంటలే. అక్కడి మంచీ చెడూ రెండూ అందులోంచే పుడతాయి. అందుకే జీతం కన్నా ముందు యుటిలైజేషన్ లెక్క తెలియాలి.

వారానికి 40 పనిగంటల్లో 32 గంటలు క్లయింటుకు బిల్లు పడితే మీ యుటిలైజేషన్ 80 శాతం. ట్రైనింగు, ఇంటర్నల్ మీటింగులు, కొత్త ప్రాజెక్టుల కోసం రాసే ప్రపోజళ్లు అన్నీ మిగిలిన 8 గంటల్లోనే సర్దుకోవాలి. సర్దుకోవు. ప్రపోజలుకు బిల్లు ఉండదు, మానేస్తే ఊరుకోరు. దాంతో పగలు క్లయింటు పని, రాత్రి ప్రపోజలు.

ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టుల్లో, అంటే ఎన్ని గంటలు పట్టినా ముందు ఒప్పుకున్న ధరే వచ్చేవాటిలో, ఇంకో తిరకాసు ఉంది. 400 గంటలకని ఒప్పుకున్న పనికి 500 పట్టిందనుకోండి. ఆ వంద గంటల భారం కంపెనీదే. లాభం తగ్గినట్టు కనపడకూడదని, పనిగంటలు రాసే టైమ్‌షీట్ గురించి కొందరు మేనేజర్లు "షీట్‌లో వారానికి 40 దాటించకు" అని నోటిమాటగా చెబుతారు. మొహమాటపడి గంటలు మింగేశారంటే మీ కష్టం ఎక్కడా నమోదు కాదు. అంతటితో పోదు. తర్వాత అలాంటి పనికే ఎస్టిమేట్ వేసేవాళ్లు పాత షీట్లు చూసి మళ్లీ 400 అనే వేస్తారు, ఈసారి ఆ టీమ్‌కూ అవే తిప్పలు. పనిచేసిన గంటలు ఉన్నవున్నట్టు రాయండి. వాటిలో ఎన్నింటికి బిల్లు వేయాలో మేనేజరు తేల్చుకుంటాడు. ఒప్పందంలో లేని పని క్లయింటు అడిగితే అక్కడికక్కడే తలూపకుండా, ఎన్ని గంటలవుతుందో లెక్కగట్టి ఛేంజ్ రిక్వెస్ట్ (ఒప్పందంలో మార్పు కోరే రాతపూర్వక అభ్యర్థన) పెట్టించండి.

ప్రాజెక్టు లేకపోతే బెంచ్, అంటే తర్వాతి ప్రాజెక్టు కోసం ఖాళీగా ఎదురుచూడటం. మొదటి వారం హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత దొరికిన ప్రాజెక్టుకల్లా ఒప్పుకోవాల్సి వస్తుంది. వరసగా రెండుమూడు అలా పడితే అన్నీ కొంచెం కొంచెం వచ్చి, ఏదీ లోతుగా రాని రెజ్యూమె తయారవుతుంది. నా లెక్కలో ప్రయాణాల కన్నా, లేటు నైట్ల కన్నా ఇదే పెద్ద నష్టం. పైగా మీరిచ్చిన సలహా అమలయ్యేసరికి మీరు అక్కడుండరు. అది పనిచేసిందో, బెడిసికొట్టిందో చాలాసార్లు తెలియదు.

అయినా జనం ఎందుకు చేరతారంటే, నేర్చుకునే వేగం. కెరీర్ మొదట్లోనే వేర్వేరు కంపెనీల లోపలి లెక్కలు చూడొచ్చు, నిర్ణయాలు తీసుకునేవాళ్ల ముందు కూర్చోవచ్చు. క్లుప్తంగా రాయడమూ అలవడుతుంది. ఉదాహరణకు, స్లైడుకు "అమ్మకాల విశ్లేషణ" అని శీర్షిక పెడితే రివ్యూలో తిరిగొస్తుంది. "అమ్మకాల పతనానికి కారణం ధర కాదు, డెలివరీ ఆలస్యం" అని తేల్చి చెప్పాలి. శీర్షికలు మాత్రమే వరసగా చదివినా వాదన మొత్తం అర్థం కావాలి. ఈ అలవాటు ఏ ఉద్యోగానికి మారినా పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో నాలుగు విషయాలు అడగండి: నా స్థాయికి యుటిలైజేషన్ టార్గెట్ ఎంత? ప్రపోజళ్లకు పెట్టిన గంటలకు పనితీరు రివ్యూలో విలువ ఉంటుందా? బెంచ్ మీద ఎన్నాళ్లు ఉండనిస్తారు? ఫలానా గడువులోగా ప్రమోషన్ రాకపోతే వెళ్లిపోవాల్సిందేనా? సంతకం పెట్టేముందు క్లయింటు దగ్గర ఉద్యోగంలో చేరకూడదన్న షరతు ఉందేమో చూడండి. ఉంటే ఎన్ని నెలలో, మీరు పనిచేసిన క్లయింట్లకే వర్తిస్తుందో, కంపెనీ క్లయింట్లందరికీనో రాతపూర్వకంగా తేల్చుకోండి.