ప్రార్థన నోట్‌బుక్: నాలుగు నెలల లెక్క

రోజూ ప్రార్థన రాసుకోవడం జనవరి 1న మొదలుపెట్టి 9న ఆపేశాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నా, లేకపోతే కింద రాసేదంతా కూడికలో (ప్రార్థన కోసం సంఘం వాళ్ళం చేరేది) దేవుడు నాకేం చేశాడో సాక్ష్యం చెప్పడానికి మైకు పట్టుకున్నట్టు ఉంటుంది.

క్రిస్మస్‌కి ముందు ఆన్‌లైన్‌లో 549 రూపాయలు పెట్టి గట్టి అట్ట జర్నల్ ఒకటి కొన్నాను, ప్రతి పేజీలో పైన పూల తీగ, కింద "ఈ రోజు కృతజ్ఞతలు ఐదు" అని ఇంగ్లిష్‌లో గళ్ళు. చూడ్డానికి ఎంత బాగుందంటే నా కోడిగీతలతో దాన్ని పాడుచేయబుద్ధి కాలేదు. పైగా రోజూ ఐదు కృతజ్ఞతలు వెతకాలి కదా, నాలుగో రోజుకే "కరెంటు పోలేదు", "పాలు విరగలేదు" దాకా వచ్చాను. తొమ్మిదో తారీఖు తర్వాత అది బీరువాలో పట్టుచీరల కింద చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

రెండోసారి శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే లెంట్ రోజుల్లో, మొదలుపెట్టాను. మాది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం కాబట్టి భస్మ బుధవారం నుంచి లెక్క ఉంటుంది, 2025లో అది మార్చి 5న వచ్చింది. ఆ రోజు నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కపెడితే 46 రోజులు, మధ్యలో ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఇది చిన్నప్పటి నుంచీ వింటున్నదే, కానీ రాయడం మొదలుపెట్టాకే దాని విలువ తెలిసింది. వారానికి ఆరు రోజులే రాయాలి, ఆదివారం సెలవు. ఆదివారం నాడు నోట్‌బుక్ వెనక పేజీల నుంచి అయ్యగారి (మా పాస్టరు) ప్రసంగ వాక్యం, గుర్తున్న ఒక్క మాట, అంతే.

ఈసారి పుస్తకం మావాడి స్కూలు స్టాకులోంచి తీసిన 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, రూళ్ళది. కాగితం పల్చన, జెల్ పెన్నుతో రాస్తే వెనక్కి దిగిపోతుంది, అందుకని మామూలు నీలం బాల్ పెన్ను. (బైబిల్లో గీతలు గీయాలంటే మాత్రం పెన్సిలే, ఆ కాగితం ఇంకా పల్చన. మా అమ్మ బైబిల్లో యెషయా గ్రంథం సగం స్కెచ్ పెన్ను మరకలే.) పేజీ పద్ధతి ఏమీ పెద్దది కాదు. ఎడమ పేజీలో తేదీ, వాక్యభాగం, అందులోంచి ఒక్క వచనం చేత్తో ఎత్తి రాయడం, దాని కింద నాకు తోచింది మూడు నాలుగు లైన్లు, తర్వాత ప్రార్థన. కుడి పేజీ ఖాళీగా వదిలేయాలి. అడిగినదానికి జవాబు వచ్చినప్పుడు ఎర్ర పెన్నుతో తేదీ వేసి అక్కడ రాయడానికి. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ తన ప్రార్థనలూ వాటికొచ్చిన జవాబులూ రాసిపెట్టుకునేవాడని మా అయ్యగారు తరచూ చెప్తుంటారు, కుడి పేజీ ఆలోచన అక్కణ్ణుంచి వచ్చిందే.

వచనం చేత్తో రాయడం నాకు శిక్షలా అనిపించింది మొదట్లో. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం తప్ప పెన్నుతో రాసి పదేళ్ళు దాటింది, ఒత్తులు ఎక్కడ పెట్టాలో చేతికి గుర్తులేదు. ఇశ్రాయేలు రాజు సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకోవాలని ద్వితీయోపదేశకాండం 17లో ఉంటుంది, రాజుకే తప్పలేదు నాకెక్కడ తప్పుతుంది అనుకుని కానిచ్చాను. పదిహేనో రోజుకి చెయ్యి తిరిగింది.

టైము దగ్గర చాలా ఇబ్బంది పడ్డాను. మన వాళ్ళందరికీ వేకువ ప్రార్థనే అసలు ప్రార్థన, అడిగితే యేసు ఇంకా చీకటుండగానే లేచి ప్రార్థించాడనే మార్కు 1:35 చూపిస్తారు. నేనూ 5 గంటలకు అలారం పెట్టుకున్నా. వారం రోజులు కుక్కర్ కూతకీ కూతకీ మధ్య రాశాను, ఆ పేజీలు ఇప్పుడు చూస్తే ఒకదాని మీద పప్పు మరక, ఇంకోదాంట్లో వాక్యం సగంలో "క్యారేజీ మూత" అని రాసి ఉంది. తర్వాత రాత్రికి మార్చాను, పిల్లాడు పడుకున్నాక 9:40కి, పావుగంట. తప్పు చేస్తున్నట్టు ఉండేది కానీ 63వ కీర్తనలో దావీదు మంచం మీద, రాత్రి జాముల్లో ధ్యానించానంటాడు కదా, అది దొరికాక ఆ బాధ పోయింది.

ఇప్పుడు అసలు విషయం. మొదటి రెండు వారాల ప్రార్థనలు చదివితే అవి నావి కావు. "పరిశుద్ధుడవైన తండ్రీ, నీ ఘనమైన నామమునకు స్తోత్రములు, ఇంతవరకు మమ్మును కాచి కాపాడినందుకు వందనములు" అని పేజీ సగం అదే. కూడికలో పైకి ప్రార్థన చేసేటప్పుడు నోటికి అలా వచ్చేస్తాయి, ఎవరికీ తేడా తెలీదు, చేసేవాళ్ళకి అసలే తెలీదు. కాగితం మీద పన్నెండు రోజులు వరసగా ఒకే మూడు లైన్లు కనిపిస్తే మాత్రం సిగ్గేస్తుంది. ఇంట్లో ఎవరితోనూ "దయచేయుము" అనని మనిషిని, దేవుడి దగ్గరికి వెళ్ళేసరికి గ్రాంథికం ఎందుకు? చిన్నప్పుడు తాతయ్య కుటుంబ ప్రార్థనలో విన్న భాష అది, దాని మీద నాకు గౌరవమే. కానీ దాని వెనక దాక్కోవచ్చని కూడా అప్పుడే తెలిసింది. మూడో వారం నుంచి రూలు పెట్టుకున్నా, ప్రార్థన మాత్రం వాడుక మాటల్లోనే. "నాన్నా, ఆఫీసులో ఆవిడంటే నాకు కుళ్ళుగా ఉంది" అని మార్చి 21న రాశాను. ఆ వాక్యం రాయడానికి పది నిమిషాలు పట్టింది.

ఆ వారం చదివినవి ఏడుపు కీర్తనలే. 13వ కీర్తన ఆరే వచనాలు, ఎంతకాలం మరచిపోతావని మొదలై పాటతో ముగుస్తుంది. 88వది అలా కూడా ముగియదు, చివరి మాట చీకటే. దాన్ని బైబిల్లో ఉంచారంటే మనం కూడా ఆమెన్‌కి ముందు బలవంతంగా సంతోషం తెచ్చిపెట్టుకోనక్కర్లేదేమో.

శ్రమల దినాల లెక్క: 40లో 31 రాశాను. ఈస్టర్ అయ్యాక చతికిలబడ్డాను. పెళ్ళిళ్ళు, ఊరు, ఎండలు, పెంతెకొస్తు పండుగ దాకా ఏడు వారాల్లో 11 పేజీలు. మళ్ళీ జూన్ 9న 119వ కీర్తన పట్టుకున్నాను, ఇది అలవాటు తప్పిన వాళ్ళకి మంచి మందు. మొత్తం 176 వచనాలు, హెబ్రీ అక్షరమాల వరసలో ఎనిమిదేసి వచనాల ముక్కలు 22, రోజుకొకటి. ఈ రోజు ఏం చదవాలి అని వెతుక్కునే పనే లేదు. 22 రోజులది నాకు 32 పట్టింది, అయినా పూర్తయింది.

ఇంకో చిక్కు, స్త్రీల కూడికలో వేరేవాళ్ళు చెప్పుకున్న కష్టాలు. వాళ్ళ కోసం ప్రార్థన రాస్తే పేర్లు రాయాలి, పుస్తకం ఎవరైనా తీస్తే? మొదటి అక్షరం కూడా రాయకుండా ఆ రోజు వాళ్ళు కట్టుకున్న చీర రంగు రాసుకుంటున్నా, "ఆకుపచ్చ అక్క కోసం" అని. నవ్వొస్తుంది గానీ, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కూడా తన డైరీ సంకేతాల్లో, పొట్టిరాతలో రాసుకునేవాడు.

కుడి పేజీల సంగతి. మొత్తం 58 విన్నపాలు. 13కి ఎర్ర తేదీ పడింది, 7కి "కాదు" అని రాశాను, 38 ఖాళీ. ఆ 58లో "రేపటి మీటింగ్ వాయిదా పడాలి" లాంటివి కూడా ఉన్నాయి, దాచను. ఒకటి మాత్రం 17 సార్లు వచ్చింది, దాదాపు అవే మాటల్లో: తమ్ముడి మనసు మార్చు ప్రభువా. పొలం పంపకాల దగ్గర మాట పడి రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు మేము. పదిహేడు పేజీలు తిప్పి చూస్తే ఒక్కచోట కూడా నేనేం చేశానో లేదు, వాడికి ఫోన్ చేసినట్టు లేదు. జూలై 6న ఆ కుడి పేజీల్లో ఒకదాని మీద ఎర్ర పెన్నుతో రాశాను: "ఫోన్ చేశాను. ఎత్తలేదు." 8న ఇంకోటి: "ఎత్తాడు. అమ్మ బీపీ మాత్రల గురించి నాలుగు నిమిషాలు." అది జవాబు కింద వేయాలో వద్దో తేలక 13లో కలపలేదు.

64 జతల పేజీలు అయ్యాయి, ఇంకా 36 ఉన్నాయి, వెనక ఆదివారాలకు పోయినవి తీసేస్తే 30. రేపటి నుంచి సామెతలు, 31 అధ్యాయాలు, తారీఖుకొకటి. ఏ రోజు తప్పినా మర్నాడు ఆ రోజు తారీఖు అధ్యాయమే, వెనక్కి వెళ్ళి బాకీ తీర్చేది లేదు. ఎర్ర పెన్ను అయిపోవచ్చింది, కొనాలి.