పూజలో ఒక పేరు లేని రోజులు

2025 ఏప్రిల్ 21 మధ్యాహ్నం నుంచి మే 8 రాత్రి దాకా మా గుడిలో ఎన్ని పూజలు జరిగినా ఒక పేరు మాత్రం వినపడలేదు. దివ్యసత్ప్రసాద ప్రార్థనలో ఒకచోట ఫాదర్ గారు ముందు పోపుగారి పేరు, వెంటనే మన పీఠాధిపతి (బిషప్) గారి పేరు చెప్పి వాళ్ళ కోసం ప్రార్థిస్తారు కదా. 2013 మార్చి నుంచి ఆ చోట ఫ్రాన్సిస్ అనే పేరే విన్నాం. మా చెల్లి పిల్లలకైతే పుట్టాక ఇంకో పోపుగారి పేరే తెలియదు. పోపుగారు చనిపోయాక కొత్తవారు వచ్చేదాకా అక్కడ ఎవరి పేరూ చెప్పరు, నేరుగా పీఠాధిపతి గారి పేరుకి వెళ్ళిపోతారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసినా, మొదటిసారి అలా దాటేసినప్పుడు ఆ తర్వాత మాటలు నా చెవికెక్కలేదు.

మాది కోనసీమ వైపు చిన్న విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే సంఘం. వరి, కొబ్బరి, ఈ మధ్య రొయ్యల చెరువులు. మా చుట్టుపక్కల లూథరన్, బాప్టిస్టు, బ్రదరెన్ సంఘాల వాళ్ళు ఎక్కువ, ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) వాళ్ళం తక్కువ. అందుకే రోమ్ నుంచి ఏ కబురు వచ్చినా ఊరంతా మమ్మల్నే అడుగుతుంది, నిజమేనా అండీ అని.

అలా అడగడం ఫిబ్రవరిలోనే మొదలైంది. 14వ తేదీన ఫ్రాన్సిస్ పోపుగారిని రోమ్‌లో జెమెల్లి ఆసుపత్రిలో చేర్చారు, రెండు ఊపిరితిత్తులకీ న్యుమోనియా అన్నారు. ఇక చూడండి, ఆయన పోయారని ఫార్వర్డ్‌ల మీద ఫార్వర్డ్‌లు, ఎవరో చేసిన ఫోటోలు, దండలు వేసిన బొమ్మలు. మా ఉపదేశి తాతకి ఎనభై దాటాయి, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండదు. ఆయన గుడి మెట్ల మీద కూర్చుని ఒకటే చెప్పేవాడు: "ఫాదర్ గారు చెప్పేదాకా ఎవరూ నమ్మొద్దు, చెప్పేలోపు ఒక పది మంగళవార్త జపాలు చెప్పుకోండి." మంగళవార్త జపమంటే మరియమాతకి చెప్పే ప్రార్థన. అప్పుడు రోమ్‌లో కూడా పునీత పేతురు గారి గుడి ముందు ఆవరణలో ప్రతి రాత్రీ కార్డినల్స్ (పోపుగారి తర్వాతి పెద్దలు, కొత్త పోపుని ఎన్నుకునేది వీళ్ళే) ముందుండి జపమాల చెప్పిస్తున్నారు. మార్చిలో గౌరీపట్నం నిర్మలగిరి మాత దగ్గరికి వెళ్ళిన మావాళ్ళు ఆయన పేరు మీద కొవ్వొత్తులు వెలిగించి వచ్చారు. 23వ తేదీన ఆయన ఆసుపత్రి నుంచి బయటికొచ్చి చెయ్యి ఊపితే, మా ఇంట్లో మనిషే డిశ్చార్జ్ అయినంత సంబరపడ్డాం.

ఏప్రిల్ 20 పాస్కా పండుగ, అంటే ఈస్టర్. ఆ రోజు ఆయన బాల్కనీలోకి వచ్చి, గొంతు సరిగ్గా రాకపోయినా దీవించి, తర్వాత బండి మీద జనం మధ్యలో తిరిగారు. మర్నాడు దాళ్వా (రబీ వరి) కోతలు, సగం మంది కళ్ళాల దగ్గర ఉన్నారు, ధాన్యంలో తేమ తగ్గుతుందా లేదా, గోనెసంచులు వస్తాయా రావా అని టెన్షన్. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మళ్ళీ అదే కబురు. నిన్ననే కదా చూశాం, ఇది కూడా అబద్ధమే అని చాలామంది చదవకుండానే డిలీట్ చేశారు. కాసేపటికి గుడి గంట మోగింది. పండుగ మర్నాడు, ఆ వేళప్పుడు, చావు గంట. పొలాల్లోకి కూడా వినపడింది. రోమ్ కాలమానం ప్రకారం ఉదయం 7:35కి, అంటే మనకి పదకొండు దాటిన వేళకి, ఆయన కన్నుమూశారని, కార్డినల్ కెవిన్ ఫారెల్ ప్రకటించారని ఫాదర్ గారు మైకులో చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, అక్కడే నిత్య విశ్రాంతి ప్రార్థన మొదలుపెట్టారు. కోత మిషన్ ఆపేసి, తలపాగా తీసి, గట్టు మీదే మోకరించినవాళ్ళని నేను చూశాను.

మా చేను పక్క రైతు హిందువు. సాయంత్రం ఇంటికొచ్చి, "మీ పెద్దాయన పోయారంట కదండీ, టీవీలో చూశాం" అని నాన్న పక్కన చాలాసేపు కూర్చున్నారు. సెంటర్‌లో ఫ్లెక్సీ కట్టాం, ఆ పక్కనే జపమాలకి షామియానా వేశాం. వేసినతను డబ్బులిస్తే తీసుకోలేదు.

శనివారం 26న అంత్యక్రియలు. మనకి మధ్యాహ్నం ఒకటిన్నరకి మొదలయ్యాయి. కరెంటు పోతుందేమోనని ఇన్వర్టర్ తెచ్చి గుడి హాల్లో టీవీ పెట్టాం. మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు అక్కడ కూర్చుని ఉంటే ఆడవాళ్ళు ఒకరికొకరు చూపించుకున్నారు. మన దేశంలో కూడా మూడు రోజులు సంతాప దినాలు పాటించారు. పూర్వం పోపుగార్లకి ఒకదానిలో ఒకటి మూడు పెట్టెలు ఉండేవి, ఈయన ఆ పద్ధతి మార్చి ఒక్క చెక్కపెట్టె చాలన్నారు. సమాధి కూడా వాటికన్‌లో వద్దని, తనకిష్టమైన సాంత మరియ మజ్జొరె గుడిలో, రాయి మీద లాటిన్‌లో తన పేరు ఒక్కటే ఉంచమన్నారు. ఆ గుడి మెట్ల మీద పేదవాళ్ళు, జైలు నుంచి వచ్చినవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు తలొక తెల్ల గులాబీ పట్టుకుని ఆయన కోసం నిలబడ్డారు. చివరికి ఆయన్ని అందుకున్నది వాళ్ళు. నేను అన్నిటికన్నా ఏడ్చింది అక్కడే.

ఆ తర్వాత వచ్చిన రోజులు నాకు నచ్చలేదు, దాచుకోవడం ఎందుకు. సంతాపం తొమ్మిది రోజులైనా పూర్తి కాకుండానే ఊహాగానాలు మొదలు. ఈయన ముందున్నాడు, ఆయన వెనకపడ్డాడు, ఫలానా జోస్యంలో ఇలా ఉంది, ఇదే ఆఖరి పోపు అని భయపెట్టే వీడియోలు. ఎన్నికల సర్వేలు చూసినట్టే చూశారు మనవాళ్ళు. మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంథోని గారి పేరుతో కూడా ఏవేవో తిరిగాయి. ఆయన 2022లో కార్డినల్ అయినప్పుడు మా పేటలో పెద్దవాళ్ళు టపాసులు కాల్చారు. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్. అలాంటి మనిషి కొత్త పోపుని ఎన్నుకునే సిస్టీన్ చాపెల్‌లోకి వెళ్ళి ఓటు వేస్తున్నారంటే మాకు ఎంత గర్వమో మాటల్లో చెప్పలేను. కానీ గర్వం వేరు, పందెం కాయడం వేరు.

ఫాదర్ గారికీ ఇదే బాధ అనుకుంటాను. మే 4 ఆదివారం పూజ అయ్యాక ఒక ప్లాస్టిక్ బుట్ట తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు. లోపలికి వెళ్ళబోయే కార్డినల్స్ 133 మంది. అర్హత ఉన్నవాళ్ళు 135 మంది గానీ, కెన్యా, స్పెయిన్‌లకి చెందిన ఇద్దరు ఆరోగ్యం బాగోక రాలేకపోయారు. యూత్ కుర్రాళ్ళు రాత్రి కూర్చుని 133 పేర్లూ చీటీల మీద తెలుగులో రాశారు. ఇంటికొకటి. ఆ పేరు గలాయన ఎలాంటివాడో, గెలుస్తాడో లేదో మీకు అనవసరం, ఆయన దేవుడి ముందు నిజాయితీగా ఓటు వెయ్యాలని రోజూ ఒక జపమాల చెప్పండి, అంతే, అన్నారు. గెలవాలంటే మూడింట రెండొంతులు, అంటే 89 ఓట్లు రావాలి. అంతమంది మనసులు ఒకచోటికి రావడం మనుషుల వల్ల అయ్యే పని కాదు అని కూడా అన్నారు.

మా చీటీలో పాపువా న్యూగినియా కార్డినల్ జాన్ రిబాట్ గారి పేరు వచ్చింది.

"ఒరేయ్, ఈయనది ఏ ఊరు?" అంది అమ్మ.

"పోర్ట్ మోర్స్‌బీ అమ్మా. సముద్రం మధ్యలో ద్వీపం. అక్కడా కొబ్బరి చెట్లే."

"అయితే మనాళ్ళే," అని చీటీ తీసుకెళ్ళి మరియమాత స్వరూపం కింద పెట్టింది.

పిన్ని వాళ్ళకి మంగోలియాలో ఉండే మరెంగో గారు. వీధి చివర ఇంటికి యెరూషలేములో ఉండే పిజ్జాబల్లా గారు. ఆ ఇంటి ముసలమ్మకైతే యెరూషలేము అన్న మాటకే కళ్ళనీళ్ళు. బర్మా, జపాన్, కాంగో, అన్నీ మా వీధిలోకి వచ్చేశాయి. సాయంత్రం కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ మీ కార్డినల్ ఎవరు, మా ఆయన పేరు నోరు తిరగట్లేదు, అని మాట్లాడుకునేవారు. వారం కిందట ఎవరు గెలుస్తారని మాట్లాడుకున్న నోళ్ళే ఇవి. నా మట్టుకు నాకు, ఈ పదిహేడు పద్దెనిమిది రోజుల్లో మా విచారణ చేసిన గొప్ప పని ఇదే. కబురు కోసం ఎదురుచూడటం అందరూ చేస్తారు. రాబోయేది ఎవరో తెలియకుండా ముందే ఆ మనిషి కోసం మోకరించడం, ఎవరు వచ్చినా మనవాడే అనుకోవడానికి మనసుని తయారుచేసుకోవడం, అది వేరే సంగతి, దానికి ఇష్టాయిష్టాలు పక్కన పెట్టాలి.

అంతలో యుద్ధం. ఏప్రిల్ 22న పహల్గాంలో అంతమందిని చంపేశారు, మే 7 తెల్లవారుజామున మన సైన్యం ఆపరేషన్ సిందూర్ చేసింది, అదే రోజు సాయంత్రం రోమ్‌లో పోపు ఎన్నికకి తలుపులు మూశారు. పిన్ని కొడుకు ఆర్మీలో ఉన్నాడు, ఫోన్ కలవట్లేదు. ఆ రాత్రి పన్నెండున్నరకి చాపెల్ పొగగొట్టంలోంచి నల్లపొగ వచ్చింది, అంటే ఇంకా ఎవరూ ఎన్నిక కాలేదని. మర్నాడు ఉదయం ఓటింగ్‌కీ నల్లపొగే. 8వ తేదీ రాత్రి టీవీలో ఒక చానెల్లో జమ్ము అంతా చీకటి, ఆకాశంలో మెరుపులు, ఇంకో చానెల్లో ఆ పొగగొట్టం. పిన్ని రిమోట్ పట్టుకుని అటూ ఇటూ మారుస్తోంది, ఎవరూ ఏమీ అనలేకపోయాం. తొమ్మిదిన్నర దాటింది. తెల్లపొగ, అంటే పోపుగారు ఎన్నికయ్యారు. నాలుగో ఓటింగ్‌కే అయిపోయింది. మళ్ళీ గంట మోగింది, ఈసారి ఆగకుండా. నిద్రపోతున్న పిల్లల్ని చంకనేసుకుని జనం గుడికి వచ్చేశారు.

పదిన్నర దాటాక కార్డినల్ మాంబెర్తి వచ్చి లాటిన్‌లో పేరు చెప్పారు. రాబర్ట్ ఫ్రాన్సిస్ ప్రెవోస్ట్, లియో 14. అమెరికాలో పుట్టినాయన అని తెలియగానే రొయ్యల చెరువుల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏప్రిల్ నుంచి అమెరికా సుంకాల దెబ్బకి మా దగ్గర రొయ్యల రేటు పడిపోయిన రోజులవి మరి. తర్వాత ఆయన సంగతులు ఒక్కొక్కటీ తెలిశాయి. అగస్టీను సన్యాస సభ గురువు, ఆ సభకి పన్నెండేళ్ళ పాటు పెద్దగా ఉన్నారు, ఎన్నో ఏళ్ళు పెరూ దేశంలో పేదల మధ్య పనిచేసి చిక్లాయోకి పీఠాధిపతి అయ్యారు, కేరళకి కూడా వచ్చి వెళ్ళారు. బాల్కనీలోంచి ఆయన మొదట అన్న మాట, మీ అందరికీ శాంతి కలుగుగాక అని. ఫాదర్ గారు పక్కన నిలబడి తెలుగులో చెప్తున్నారు. ఆ మాటకి పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కాసేపటికి ఆయన మంగళవార్త జపం మొదలుపెట్టారు. ఇటాలియన్‌లో. మరియ అన్న మాట వినపడగానే ఎవరూ చెప్పకుండానే హాలంతా "దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని అందుకుంది.

ఇక ఆ చీటీల్లో ప్రెవోస్ట్ పేరు ఎవరింట్లో ఉందో అని కుర్రాళ్ళు ఆ రాత్రే లిస్టు తియ్యబోయారు. ఫాదర్ గారు గట్టిగా వద్దన్నారు. 133 మంది కోసం చేసిన ప్రార్థన అది, ఒక్క ఇంటి లాటరీ కాదు అన్నారు. ఆ ఇంటివాళ్ళకి తెలిసే ఉంటుంది, ఇప్పటిదాకా ఎవరూ బయటికి చెప్పలేదు. మర్నాడు ఉదయం పూజలో ఫాదర్ గారు లియో అని పలికారు. కొన్నాళ్ళు పడుతుంది, మా చెల్లి కొడుకు ఇంకా ఫ్రాన్సిస్ అనే అంటున్నాడు.

10న కాల్పులు ఆగాయి. 11 ఆదివారం మధ్యాహ్నం పోపుగారు భారత్, పాకిస్తాన్ పేర్లు చెప్పి కాల్పుల విరమణకి సంతోషం తెలిపారు. పిన్ని కొడుకు కూడా ఆ వారంలోనే ఫోన్ చేశాడు.

ఆయన లియో అనే పేరు ఎందుకు పెట్టుకున్నారో కార్డినల్స్‌తో చెప్పిన సంగతి మాత్రం మా పేటలో అందరికీ చేరాలని నాకు పట్టుదలగా ఉంది. 1891లో లియో 13 కార్మికుల కోసం 'రేరుమ్ నొవారుమ్' అనే విశ్వలేఖ (పోపుగారు సంఘమంతటికీ రాసే లేఖ) రాశారు, ఫ్యాక్టరీలు వచ్చి మనుషుల బతుకులు తలకిందులైన కాలంలో. కూలివాడికి న్యాయమైన కూలి ఇవ్వాలని, సంఘం పెట్టుకునే హక్కు ఉందని, ఆదివారం విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. ఇప్పుడు ఏఐ వల్ల మళ్ళీ అలాంటి కాలమే వచ్చిందని కొత్త పోపుగారు అంటున్నారు. ఏఐ సంగతి మాకింకా అంతగా తెలియదు గానీ, యంత్రం వచ్చి పని పోవడం అంటే ఏంటో మాకు బాగా తెలుసు. కోత మిషన్లు రాకముందు ఈ దాళ్వా కోతలే మా పేటలో ఆడవాళ్ళకి ఎన్నో రోజుల పని. ఇప్పుడు వాళ్ళలో చాలామంది చెరువుల దగ్గర, రొయ్యలు వలిచే షెడ్లలో ఉన్నారు, కొందరు గల్ఫ్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళారు. జూన్‌లో బళ్ళు తెరిచాక ఆదివారం పూజ అయ్యాక ఆ లేఖ కొంచెం కొంచెంగా తెలుగులో చదివి మాట్లాడుకుందామని ఫాదర్ గారిని అడిగాను. సరే అన్నారు, షెడ్లకి వెళ్ళే ఆడవాళ్ళకి ఆ వేళ కుదరకపోతే సాయంత్రం పెడదాం, ముందు వాళ్ళని అడిగి రా అన్నారు.